గిన్నెడు జాజు

"ఇకనుంచి పుస్తకం కంటే ముందే పిల్లల చేతిలో ల్యాప్‌టాప్ ఉంటుంది" అని మంత్రిగారు నల్లగొండలో ప్రకటించిన నాటికి, మా మెట్ట ఊళ్ల బడులకు ఆ ఏటి పుస్తకాలు ఇంకా రాలేదు. కనుక ఆయన మాట మొదటిరోజు నుంచే సగం నిజమైపోయి ఉంది. ఇచ్చిన మాటను ఇవ్వకముందే ఇంత దూరం నడిపించే నాయకులు అరుదు.

పథకం పేరు 'జ్ఞానగగనం'. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లలో పన్నెండు హైస్కూళ్లను ఎంచారు. బడికి ముప్పై చొప్పున మొత్తం మూడు వందల అరవై ల్యాప్‌టాప్‌లు. దీనికి ప్రాజెక్టు ఆఫీసరుగా కృష్ణకాంత్ గారిని వేశారు. ఆయన చెయ్యి పడితే ఏ పథకమైనా పూర్తి కావలసిందే. అంతకుముందు ఆయన చూసుకున్న మొక్కల పథకం నూటికి నూట నాలుగు శాతం పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఉంది. ఆ పైనున్న నాలుగు శాతం ఎక్కడ నాటారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పన్నెండింటిలో మొదటి బడి నక్కలచెల్మది. అక్కడి స్కూల్ కమిటీ చైర్మన్ ఐలేశం. చైర్మన్ అనగానే కుర్చీ ఉంటుందనుకోకండి. మీటింగ్ రోజు నిలబడి సంతకం పెట్టడం, మిగిలిన రోజులు గొర్రెలు కాయడం ఆ పదవి బాధ్యతలు. ఐలేశానికి ఎనభై గొర్రెలు, ఒక కుక్క, కుక్క కంటే గట్టిగా ఇల్లు కాచే భార్య అండాలు, పదో తరగతి చదివే కూతురు వర్షిత ఉన్నారు. తాను నాలుగో తరగతిలో బడి మానేసి మంద వెంట పోయినవాడు గనుక, కూతురు చదువు విషయంలో అతను చాలా మొండివాడు. ఊళ్లో పది దాటిన ఆడపిల్లలు పత్తి చేలలో కనబడతారు. వర్షిత అక్కడ కనబడకూడదని అతని పంతం.

నవంబరు మొదటివారంలో నీలం తాడిపత్రి కప్పిన డీసీఎం బండి బడి ముందు ఆగింది. ముప్పై ల్యాప్‌టాప్‌లు దిగాయి. కృష్ణకాంత్ గారు ఒకటి తీసి చైర్మన్ హోదాలో ఐలేశం చేతిలో పెట్టారు. ఐలేశం దాన్ని అరచేతిలో ఆడించి చూశాడు.

"గింత అల్కగున్నదేంది సారూ? అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల గూడ దీనికంటె బరువుంటది."

"లోపల ఏమీ ఉండదయ్యా. అదే దీని గొప్పతనం" అన్నారు కృష్ణకాంత్ గారు. "పిల్లలు రాసిందంతా ఇంటర్నెట్ మీదుగా పైకి పోయి, కంపెనీవాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది. ఈ పెట్టె పగిలినా ఫికర్ లేదు. వేరే ఊళ్లో వేరే పెట్టె ముందు కూర్చుని పేరు కొడితే, ఆపిన చోటునుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు."

"అంటే పెట్టె ఏదైనా ఒకటేనా?"

"ఒకటే. ఏ ఊళ్లోనైనా ఒకటే. అసలు ఒక్క పెట్టె ఎన్ని బడులకైనా సరిపోతుంది."

ఈ చివరి మాట అన్నాక ఆయన ఒక్క క్షణం ఆగారు. తన మాట తనకే వినబడ్డట్టు తల పంకించి, జేబులోంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకున్నారు. గొప్ప ఆలోచనలు ఎక్కడ పుడతాయో చెప్పలేం. ఇది మాత్రం నక్కలచెల్మ బడి వరండాలో, ఉదయం పదకొండు గంటలకు పుట్టింది.

ఊళ్లో నెట్టు లేదు. దాన్ని కృష్ణకాంత్ గారు తన బొలేరోలో, సబ్బుపెట్టెంత డబ్బాలో తెచ్చేవారు. బండి వస్తే నెట్టు వచ్చేది, బండి పోతే నెట్టు కూడా దుమ్ము రేపుకుంటూ పోయేది.

మర్నాడు మంత్రిగారు వస్తారు. అప్పటిదాకా సామాను ఎక్కడ దాచాలన్నది ప్రశ్న. హెచ్ఎం సుమన మేడం నిజాయితీగా చెప్పింది. "క్లాసురూములకు తలుపులున్నయి సార్, తాళాలు లేవు. స్టాఫ్‌రూముకు తాళం ఉంది, తలుపు లేదు." చివరికి ఊళ్లో కంచె, కుక్క, కాపలా మూడూ ఉన్నది ఐలేశం దొడ్డే అని తేలింది. ముప్పై ల్యాప్‌టాప్‌లూ ఆ సాయంత్రం అతని ఇంటి ముందర్రలో గోనె సంచుల మీద విడిది చేశాయి.

ఇక్కడ ఐలేశం తాతనాటి రివాజు ఒకటి చెప్పాలి. పరాయి జీవాలు తన దొడ్డిలో ఒక్క పూట ఉన్నా సరే, వాటికి జాజు చుక్క పెట్టి, లెక్కపెట్టి, అప్పుడు తోలుతాడు. రేపు నీళ్ల చెల్మ దగ్గర నాలుగు మందలు కలిసిపోతే ఏది ఎక్కడినుంచి వచ్చిందో తేలాలి కదా. అలవాటు చొప్పున అతను ఎర్రజాజు మట్టిని నీళ్లలో కలిపి, ఒక్కో ల్యాప్‌టాప్‌ను బోర్లించి, అడుగున ఉంగరపు వేలితో ఒక్కో చుక్క పెట్టాడు. చిన్నప్పుడు కొడవలికి తెగి ఆ వేలి కొసన ఒక గాటు ఉంది. అందుకే అతని చుక్క నిండుగా ఉండదు. ఒక పక్క కొరికినట్టు ఉంటుంది. ఆ కొరుకుడు చుక్కను చుట్టూ పది ఊళ్ల గొర్లకాపరులు గుర్తుపడతారు.

"అవేమన్న గొర్లా?" అంది అండాలు. "సర్కారు సామాను ఖరాబు చేసినవని పట్కపోతరు నిన్ను."

"ఖరాబెట్లయితది? బొట్టు వెట్టిన. లెక్కకుండాలె గద."

మర్నాడు మంత్రిగారు వచ్చి పదకొండు నిమిషాలు ఉన్నారు. అందులో తొమ్మిది నిమిషాలు ఫోటోలకు పోయినా, మిగతా రెండు నిమిషాలు పూర్తిగా విద్యకే కేటాయించారు. పదిహేడో నంబరు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న వర్షిత దగ్గర ఆగి, "ఏం రాస్తున్నవమ్మా?" అన్నారు.

"సైన్సు ప్రాజెక్టు సార్. రాష్ట్రస్థాయి పోటీకి."

ఆ పోటీ సంగతి ఇంట్లో అప్పటికే పదిసార్లు చర్చకు వచ్చింది. రాష్ట్రం మొత్తంలో పదిమందిని ఎంచి హైదరాబాదులో రెండేళ్లు హాస్టల్‌తో సహా ఉచితంగా ఇంటర్ చదివిస్తారు. ప్రాజెక్టును ఈ పథకం ల్యాప్‌టాప్ మీదనే రాసి, దానిమీదనుంచే పంపాలి. ఫోనులోంచి పంపితే తీసుకోదు. ఆఖరు తేదీ నవంబరు ముప్పై, సాయంత్రం ఐదు గంటలు.

వర్షిత ఎంచుకున్న విషయం 'గుర్తు పెట్టి మందను లెక్కించడం'. సగం సైన్సు పుస్తకంలోది, సగం తండ్రిది. మంద మొత్తం ఒకేసారి కంటికి కనబడనప్పుడు కొన్నిటికి గుర్తు పెట్టి వదలాలి. తర్వాత వేర్వేరు చోట్ల కనబడ్డవాటిని చూసి, వాటిలో గుర్తున్నవెన్నో రాసుకోవాలి. గుర్తున్నవి తక్కువ కనబడితే మంద పెద్దదని అర్థం.

"మరి కనబడ్డవాటికల్ల గుర్తే ఉంటే బాపు?" అని వర్షిత ఇంట్లో అడిగింది.

"ఉంటే ఇంకేంది, ఉన్నయే గవి" అన్నాడు ఐలేశం.

మంత్రిగారి కారు మలుపు తిరిగిందో లేదో, డీసీఎం వెనక్కి వచ్చి ల్యాప్‌టాప్‌లను ఎక్కించుకుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నారు. రెండు రోజుల్లో వస్తాయన్నారు. పది రోజులైంది, రెండు వారాలు దాటింది. సుమన మేడం ఫోన్ చేసినప్పుడల్లా కృష్ణకాంత్ గారు ఓపికగా, "నడుస్తోందమ్మా, నడుస్తోంది" అనేవారు. ఆ మాటలో అబద్ధం లేదు, నిజంగానే నడుస్తోంది. మీదుమిక్కిలి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో.

వర్షిత రోజూ బడి నుంచి రాగానే గోడమీది క్యాలెండరు చూసేది. ఆ చూపే ఐలేశాన్ని ఎక్కువ బాధపెట్టేది. మంద తప్పిన గొర్రెను వెతకడం అతనికి వచ్చు. తప్పిపోయిన చదువును ఏ గుట్టకు పోయి వెతకాలో తెలియలేదు.

ఇరవై నాలుగో తేదీన ఐలేశం హోటల్ కాడ పేపరు చూస్తే అందులో మంత్రిగారి ఫోటో ఉంది. సుద్దబావి హైస్కూల్లో ల్యాప్‌టాప్‌ల ప్రారంభం. ఎవరో తొందరలో మంత్రిగారికి ల్యాప్‌టాప్‌ను తలకిందులుగా అందించారట. ఆయన అడుగున ఉన్న ఎర్రచుక్కను చూసి, "ఇదేమిటి?" అని అడిగారట. ఇలాంటి చోటే ఆఫీసర్ల సత్తా తెలుస్తుంది. కృష్ణకాంత్ గారికి ఆ చుక్క గురించి ఏమీ తెలియదు. తెలియని విషయం మీద ఆయన రెప్పపాటులో జవాబు చెప్పారు.

"క్వాలిటీ మార్కు సర్. దేశవాళీ."

దేశవాళీ అన్న మాట మంత్రిగారికి ఎంతో నచ్చిందని పేపరు రాసింది. పన్నెండు బడుల్లోని మూడు వందల అరవై ల్యాప్‌టాప్‌లకూ ఈ మార్కు ఉండాలని, బడిబడికీ ఫోటోలు తీయాలని, ముప్పయ్యో తేదీ సాయంత్రం నల్లగొండ సభలో మార్కు వేసిన నిపుణుడిని సన్మానిస్తామని ఆయన అక్కడికక్కడే ప్రకటించారు. ఐలేశం పేపరును కళ్లకు దగ్గరగా పట్టుకుని ఫోటో చూశాడు. చుక్క ఒక పక్క కొరికినట్టు ఉంది. పక్కనే పదిహేడు అని నంబరు.

"గిది నా చుక్క" అన్నాడు పైకే. హోటలాయన టీ చుక్క అనుకుని బట్టతో బల్ల తుడిచాడు.

మధ్యాహ్నానికల్లా బొలేరో వచ్చి దొడ్డి ముందు ఆగింది. ఆ ముప్పై ఒక రాత్రి ఎక్కడ విడిది చేశాయో గుర్తొచ్చిన కృష్ణకాంత్ గారు దిగి, వెంట తెచ్చిన శాలువా ఐలేశానికి కప్పారు. గొర్రెలు బెదిరి ఒక మూలకు జరిగాయి.

"ఐలేశం గారూ, మీరు చేసిన పని మామూలుది కాదు. రేపట్నుంచి ఆరు రోజులు మాతో రావాలి. రోజుకు రెండు బడులు. అన్నిటికీ మార్కు పెట్టాలి."

మొన్నటి 'అయ్యా' ఇవాళ 'గారూ' అయ్యేసరికి, ఏదో అవసరం పడిందని ఐలేశం గ్రహించాడు. అవసరంలో ఉన్నవాడి దగ్గర బేరం ఎలా ఆడాలో సంతల్లో తిరిగినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"వస్త సారూ. గని నాకు నంబర్లు సదవరాదు. నా బిడ్డను తోల్కస్త. ఆమె చూసి చెప్పాలె. నేను గుర్తు పెట్టేదాక జర ఒక పెట్టె ముంగట గూసుంటది."

ఇది పచ్చి అబద్ధం. మూడు మందలను ఒక్క చూపులో లెక్కపెట్టే మనిషి అతను. కృష్ణకాంత్ గారు అబద్ధాలను ఎంతో గౌరవిస్తారు గనుక వెంటనే ఒప్పుకున్నారు.

అండాలు తన పెద్ద సత్తుగిన్నెలో అంచుదాకా జాజు కలిపింది. "మూడు వందల అరవైకి గీ గిన్నెడు సరిపోతదా?" అంది. "ఆరు దినాలు గొర్లెంబడి నేను తిరగాల్నా? పోరి సదువు కోసం ఊకుంటున్న. గిన్నె మాత్రం పైలం, మా అవ్వ ఇచ్చింది."

మొదట నక్కలచెల్మ బడిలోనే ఫోటో. డీసీఎం ముందే వచ్చి ఉంది. పిల్లలు, "మనయి వచ్చినయ్!" అని చప్పట్లు కొట్టారు. తమ ల్యాప్‌టాప్‌లకు చుక్కలు ఎలాగూ ఉన్నాయి గనుక ఐలేశం వేలు ఆనించి ఫోటో దిగాడు. "అప్‌డేట్ అయిపోయిందా సార్?" అని సుమన మేడం ఆశగా అడిగింది. "పన్నెండు బడులదీ కలిపి నడుస్తోందమ్మా" అన్నారు కృష్ణకాంత్ గారు. బొలేరో కదిలింది.

రెండో బడి కోతులగడ్డలో ఉంది. ఎనిమిది కిలోమీటర్ల దూరం, రెండు గంటలు పట్టింది. దారిలో రెండు చోట్ల టీకి ఆగారు. రెండోచోట టీ తాగుతుంటే నీలం తాడిపత్రి డీసీఎం వాళ్లను దాటి ముందుకు పోయింది. ఐలేశం గ్లాసు దించి లేవబోతే డ్రైవర్ నాగేందర్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఇంకో టీ తాగు పెద్దమనిషీ. దించొద్దా మరి?"

కోతులగడ్డ బడిలో ముప్పై ల్యాప్‌టాప్‌లు బెంచీల మీద వరసగా ఉన్నాయి. ఐలేశం గిన్నె పక్కన పెట్టుకుని, వేలు ముంచి, మొదటిదాన్ని బోర్లించాడు. చుక్క ఉంది. రెండోదాన్ని తిప్పాడు. ఉంది. మూడోదానికీ ఉంది. అన్నీ ఒక పక్క కొరికినట్టే ఉన్నాయి.

"సారూ, వీటికి ఉన్నది."

"ఏమున్నది?"

"చుక్క."

"ఉండాల్సిందే కదా! మరి ఇంకేం, పని ముందే పూర్తయింది. వేలు ఆనించు, ఫోటో తీద్దాం."

"మళ్లొక చుక్క పెట్టాల్నా?"

"వద్దు వద్దు. రెండు చుక్కలుంటే ఆడిట్‌కి అనుమానం వస్తుంది."

ఐలేశం నోరు తెరిచాడు. సారూ, ఇవి మా ఊరివి గదా అనబోయాడు. అంతలో అటు చూస్తే వర్షిత పదిహేడో నంబరు ముందు కూర్చుని పేరు కొట్టింది. మూడు వారాల కింద ఆపిన వాక్యం ఆపినచోటే తెరమీదికి వచ్చింది. పిల్ల ముఖం విప్పారింది. ఇప్పుడు నిజం చెబితే విచారణ అంటారు, సామాను సీలు వేస్తారు, ముప్పయ్యో తేదీ దాటిపోతుంది. ఐలేశం నోరు మూసుకుని, వేలు ఆనించి, కెమెరా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు అతనికి ఇష్టం లేదు. కానీ పిల్లకు ఇరవై నిమిషాలు దొరికాయి.

తిరుగు దారిలో బొలేరో వెనక సీట్లో వర్షిత గుసగుసగా అడిగింది.

"బాపు, గవే గదా?"

"ఏవి?"

"పదిహేడు మూతమీద నా పిన్నీసు గీత ఉన్నది."

"ఉంటే ఉండనీ. నీ పని ఎంతైంది?"

"రాసుడు అయితది. పట్టిక మిగులుతది. పన్నెండు తావులల్ల చూసి నింపాలె. మన గొర్లేమో ఇంటికాడ, మనమేమో బండిల. ఏం రాయాలె?"

ఐలేశం ఒడిలోని గిన్నె ఒలకకుండా సర్దుకున్నాడు. "కండ్లకు ఏది కనబడితే గది రాయి బిడ్డా. సదువుల మాత్రం అబద్ధం రాయొద్దు."

ఆ తర్వాత రోజుకు రెండు బడులు, నాలుగు టీలు. ప్రతిచోటా ముప్పై ల్యాప్‌టాప్‌లు, వాటి అడుగున ముప్పై చుక్కలు, పైన ఐలేశం వేలు. గిన్నెలో జాజు పైన ఎండిపోతుంటే కాసిన్ని నీళ్లు పోసి కలిపేవాడు. మళ్లీ అంచుదాకా వచ్చేది. ప్రతిచోటా వర్షిత లెక్కపెట్టి, పదిహేడు ముందు కూర్చుని కొంచెం కొంచెం రాసుకునేది. ఒక పేరా ఒక ఊళ్లో మొదలై మరో ఊళ్లో ముగిసేది. పథకం నిజంగా పనిచేస్తోందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మూడు వందల అరవైమందికి కాకపోయినా ఒక్కరికి పనిచేసింది.

ఏడో బడి దగ్గర చిన్న చిక్కు వచ్చింది. డీసీఎం టైరు పంచరై, బొలేరో ముందే చేరింది. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. మరొకరైతే కంగారుపడేవారు. కృష్ణకాంత్ గారు పిల్లలను కూర్చోబెట్టి సమయపాలన మీద గంటన్నర మాట్లాడారు. తొమ్మిదో బడి హెడ్మాస్టర్ సాల్మన్ సారు కొంచెం కొరకరాని మనిషి.

"ఇవి మా బడికే ఉంటయా సార్, మళ్ల పోతయా?"

"మీ బడివి మీకే ఉంటాయండీ."

"ఏడ ఉంటయి?"

"పైన" అన్నారు కృష్ణకాంత్ గారు ఆకాశం చూపించి. "చేతికి తగిలేదే ఆస్తి అనుకునే రోజులు పోయాయి మాస్టారూ."

సాల్మన్ సారు పైకి చూసి, వచ్చినవి ముట్టినట్టు సంతకం పెట్టాడు.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం ఆఖరి బడి, ముడుపులగుట్ట. నాలుగైంది. ఆరింటికి నల్లగొండలో సభ. ఫోటో అయిపోయింది. డీసీఎం వెనక తలుపు తీసి పెట్టారు. వర్షిత ఆఖరి వరస నింపి 'పంపు' అన్నచోట నొక్కబోతోంది. కృష్ణకాంత్ గారు వాచీ చూసుకుని లేచారు.

"పదండి, పదండి. నాగేందర్, బండి తియ్."

వర్షిత తండ్రి వైపు చూసింది. బండి పోతే నెట్టు పోతుంది. ఇన్ని ఊళ్లు తిరిగింది ఆ ఒక్క నొక్కుడు కోసం. తోడేలు మంద మీదికి వచ్చినప్పుడు కూడా ఐలేశం అంత భయపడలేదు. బొటనవేలు నాలుకకు తడి చేసుకుని, పక్కనే ఉన్న పద్దెనిమిదో నంబరును బోర్లించి, చుక్కను ఒక్క రుద్దు రుద్దాడు.

"సారూ! దీనికి చుక్క లేదు!"

కృష్ణకాంత్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన ముఖంలో మొదటిసారి కంగారు కనిపించింది.

"లేకపోవడమేమిటి? పొద్దున పదకొండో బడిలో ఉంది కదా!"

నాగేందర్ గట్టిగా దగ్గాడు. ముడుపులగుట్ట హెడ్మాస్టరు గోడమీది పటాన్ని శ్రద్ధగా చూశాడు. కృష్ణకాంత్ గారు కళ్లద్దాలు తుడుచుకుని, "సరే, పెట్టు, తొందరగా" అన్నారు.

ఐలేశం పెట్టాడు. ఆరు రోజుల పర్యటనలో అదే అతను పెట్టిన మొదటి చుక్క.

"అయిపోయింది కదా, పద."

"ఆరాలె సారూ. తడిమీద ఎక్కిస్తే అలుక్కపోతది. మంత్రి సారు మళ్ల తిప్పి చూసిండంటే?"

"ఎంతసేపు?"

"మబ్బు వట్టింది. అర్ధగంటన్న పడతది."

కృష్ణకాంత్ గారు చేతిలోని ఫైలు తీసుకుని చుక్కకు స్వయంగా విసరడం మొదలుపెట్టారు. జిల్లాస్థాయి అధికారి మోకాళ్ల మీద కూర్చుని ఒక చుక్కకు గాలి విసిరిన దృశ్యం ఆ బడి చరిత్రలో అంతకుముందు లేదు. పక్క బెంచీ నుంచి వర్షిత గొంతు సవరించుకుంది.

"సార్, ప్రాజెక్టు పంపాలంటే ఆఫీసర్ ధ్రువీకరణ కావాలంట. మీ నంబరు ఇచ్చిన. మీ ఫోనుకు ఓటీపీ వచ్చి ఉంటది."

దేనికి, ఏం రాశావు, ఏదీ చూపించు అని అడిగే ఆఫీసర్లుంటారు. చదువుకు అలా అడ్డుపడటం కృష్ణకాంత్ గారి స్వభావం కాదు. ఒక చేత్తో విసురుతూనే, మరో చేత్తో ఫోను తీసి, ఆరు అంకెలు చదివి వినిపించారు. వర్షిత కొట్టింది. తెరమీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఐలేశం చుక్కను చూస్తున్నట్టు నటిస్తూ పిల్ల ముఖాన్నే చూశాడు. ఐదుకు పది నిమిషాలుందనగా వర్షిత రెండు చేతులతో నోరు మూసుకుంది.

"బాపు, పోయింది."

"ఆరింది సారూ" అన్నాడు ఐలేశం.

నల్లగొండ సభకు జనం బాగా వచ్చారు. పన్నెండు బడుల పిల్లలను బస్సుల్లో తెచ్చారు. వేదిక మీద ఒక బల్లపై ముప్పై ల్యాప్‌టాప్‌లను నమూనాగా పేర్చారు. 'మిగతావి బడుల్లో వినియోగంలో ఉన్నాయి' అని వాటి ముందు బోర్డు పెట్టారు. ఐలేశానికి శాలువా కప్పారు. మొన్న దొడ్డి ముందు కప్పినదే. మర్నాడు బొలేరో ఎక్కగానే నాగేందర్ దాన్ని తీసుకుని మడతపెట్టి ఉంచాడు.

మంత్రిగారు మైకులో ఆప్యాయంగా అడిగారు. "ఐలేశం, మూడు వందల అరవై చుక్కలు పెట్టినవు. మొత్తం ఎంత జాజు పట్టింది?"

ఐలేశం వర్షిత వైపు చూశాడు. పిల్ల పని అయిపోయింది. ఇక తన నోటికి తాళం అక్కర్లేదు. కాళ్ల దగ్గర పెట్టుకున్న సత్తుగిన్నెను రెండు చేతులతో ఎత్తి, అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. జాజు అంచుదాకా ఉంది. మైకు ముందుకు వంగితే నాలుగు బొట్లు శాలువా మీద చింది పడ్డాయి.

"గిన్నెడు కలిపి పోయిన సారూ. పన్నెండు ఊర్లు తిరిగొచ్చిన. గిన్నెడు ఉన్నది."

ముందు వరసలో ఎవరో కుర్చీ జరుపుకున్నారు. సాల్మన్ సారు కింద ఎక్కడో ఒక్కడే చప్పట్లు మొదలుపెట్టి ఆపేశాడు. అంతలో కృష్ణకాంత్ గారు మైకు అందుకున్నారు.

"పొదుపు సర్! మూడు వందల అరవై పరికరాలు, ముడిసరుకు వినియోగం సున్నా. దేశంలో మరే జిల్లా సాధించలేదు."

మంత్రిగారు గిన్నెను చేతుల్లోకి తీసుకున్నారు. "ఈ గిన్నె సాక్షిగా చెప్తున్నా. వచ్చే ఏడు జ్ఞానగగనం రాష్ట్రమంతా అమలు చేస్తాం. ఇదే గిన్నెతో!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. గిన్నెను అక్కడే అద్దాల పెట్టెలో పెట్టారు. ఇంటికి వచ్చిన భర్తను అండాలు సన్మానం సంగతి అడగలేదు, గిన్నె ఏదని అడిగింది. ఐలేశం చెప్పిన జవాబు ఆమె ఇవాళ్టికీ నమ్మలేదు.

జనవరిలో పోటీ ఫలితాలు వచ్చాయి. పదిమందిలో మూడో పేరు నక్కలచెల్మ వర్షితది. ఐలేశం ఆ పేపరును హోటల్ నుంచి అడిగి తెచ్చుకుని, ఇంట్లో రెండుసార్లు చదివించుకున్నాడు. నంబర్లు సదవరానివాడు మూడో అంకె మీద మాత్రం తనే వేలు పెట్టి చూపించాడు. అండాలు గిన్నెను కూడా మరిచిపోయి ఏడ్చింది.

ఊళ్లల్లో తిరిగి కళ్లారా చూసి రాసిన వివరాలు ఈ ప్రాజెక్టులోనే ఉన్నాయని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. పేపరువాళ్లు పట్టికను కూడా వేశారు. ఏ మంద అన్నది పిల్ల ఎక్కడా రాయలేదు. వరసగా పన్నెండు ఊళ్ల పేర్లు, ప్రతి ఊరికీ ఎదురుగా చూసినవి ముప్పై, గుర్తున్నవి ముప్పై. కింద 'మంద మొత్తం: ముప్పై' అని ఉంది. దాని కింద 'నేను స్వయంగా వెంట తిరిగి పరిశీలించాను, లెక్క సరిపోయింది' అన్న ధ్రువీకరణ, కృష్ణకాంత్ గారి పేరు, హోదా ఉన్నాయి.

తన పేరు పేపర్లో అంత పెద్ద అక్షరాల్లో రావడం కృష్ణకాంత్ గారికి అదే మొదటిసారి. ఆ కటింగ్‌కు ఫ్రేము కట్టించి, ఆఫీసులో తన కుర్చీ వెనక గోడకు పెట్టించుకున్నారు.